కాలువ కట్ట మీద సైకిలు దారి: షికారుకా, బతుకుతెరువుకా?

పటమట: తెల్లవారుజామున యనమలకుదురు దాటి కృష్ణ కరకట్ట ఎక్కితే రెండు రకాల సైకిళ్లు ఎదురుపడతాయి. దిగువ గ్రామాల నుండి పట్నం వైపు వచ్చేవి ఒక రకం. వాటి కారియరుకు పాలకేను, అరటిగెల, కూరగాయల గంప, తాపీ పనివాని సంచి, ఏదో ఒకటి కట్టి ఉంటుంది. పట్నం నుండి దిగువకు పోయేవి రెండవ రకం. అవి గేర్ల సైకిళ్లు. తొక్కేవారి తలకు హెల్మెట్టు, కాళ్లకు బూట్లు ఉంటాయి. మొదటివారు పొట్ట నింపుకోవడానికి, రెండవవారు పొట్ట తగ్గించుకోవడానికి తొక్కుతున్నారని ఎవరైనా నవ్వుకోవచ్చు.

నవ్వు మాట ఎలా ఉన్నా, ఈ రెండు సైకిళ్లూ నడిచే కట్ట ఒక్కటే. దాని మీద గుంట పడితే ఇద్దరికీ గుంటే. వెనుక నుండి దూసుకొచ్చే ఇసుక లారీకి పాలవాడెవరో, ఇంజనీరెవరో తెలియదు. పట్నాలకు దగ్గరలో చూడచక్కని సైకిలు దారులు కావాలన్న కోరిక దేశమంతటా ఇటీవల బలపడుతున్నది. విజయవాడకు అటువంటి దారులను కొత్తగా కట్టనక్కర లేదు. అవి నూట డెబ్భయి ఏళ్లుగా ఉన్నవే. తేలవలసిందల్లా వాటి మంచిచెడ్డలు ఎవరు చూడాలి, బాగుచేస్తే ఎవరి కోసం బాగుచేయాలి అన్నదే.

ఉన్న దారులు ఇవి

పటమట నుండి బయలుదేరే సైకిలుకు ప్రధానంగా నాలుగు వైపుల దారులున్నాయి. మొదటిది బందరు కాలువ కట్ట. యనమలకుదురు లాకుల మీదుగా దిగువకు పోయే ఈ కట్ట మీద ఒక పక్క నీరు, మరొక పక్క పొలాలు కనిపిస్తాయి. పొలాల మధ్య ఇళ్ల ప్లాట్లు కూడా ఏటేటా పెరుగుతున్నాయి. రెండవది కృష్ణ ఎడమ కరకట్ట. యనమలకుదురు కొండ మీది రామలింగేశ్వరుని గుడిని వెనుక వదిలి పెదపులిపాక, చోడవరం, రొయ్యూరు, తోట్లవల్లూరు, వల్లూరుపాలెం మీదుగా అవనిగడ్డ వరకు ఈ కట్ట సాగుతుంది. పట్నం వారు సాధారణంగా మొదటి పది, పదిహేను కిలోమీటర్ల వరకే పోయి వెనుదిరుగుతారు. ఓపిక ఉన్నవారు ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం వరకు పోతే ఆంధ్ర మహావిష్ణువు ఆలయం దర్శించవచ్చు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రచనకు పూనుకున్నది ఇక్కడేనని ప్రతీతి.

మూడవది ఏలూరు కాలువ వెంట గుణదల, రామవరప్పాడు, నిడమానూరు వైపు పోయే దారి. నాలుగవది ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం, ఉండవల్లి మీదుగా కృష్ణ కుడి కరకట్ట పట్టుకునే దారి. ఉండవల్లిలో కొండను తొలిచి నాలుగంతస్తులుగా మలచిన గుహాలయం ఉంది. దాని ఎదుట అరటి తోటలు, కూరగాయల మడులు ఉన్నాయి. ఇవిగాక ఎగువన ఇరవై కిలోమీటర్లకు పైన కొండపల్లి కోట, ములపాడు అడవి ఉన్నాయి గాని, అక్కడికి పోవాలంటే జాతీయ రహదారి మీద లారీల మధ్య చాలా దూరం తొక్కాలి. అందుచేత నిత్యం సైకిలు తొక్కేవారికి కట్టలే దిక్కు.

ఏ దారికైనా ఋతువును బట్టి గుణం మారుతుంది. మార్గశిరం, పుష్య మాసాలలో మంచు తెరలు విడుస్తున్న వేళ కట్ట మీది ప్రయాణం హాయిగా ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నీటి అందం ఉండదు, అడుగున పేరుకున్న చెత్త బయటపడుతుంది. వానకాలంలో తారు లేని కట్ట ఎక్కడం వృథా శ్రమ. డెల్టా నల్లమట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య కూరుకుని సైకిలును కదలనీయదు. సైకిలును భుజాన వేసుకుని నడవడం ఈ ప్రాంతపు బడిపిల్లలకు కొత్త కాదు.

పడవ లాగిన దారి

ఈ కట్టలు అసలు ఎందుకు ఏర్పడ్డాయో గుర్తు చేసుకుంటే నేటి సమస్యలో సగం విడిపోతుంది. కృష్ణపై బెజవాడ వద్ద ఆనకట్ట నిర్మాణం 1852లో ఆరంభమై 1855లో ముగిసింది. కెప్టెన్ ఛార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో ఆ పని జరిగింది. గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దీనికి వెన్నుదన్నుగా నిలిచారు. ఆ ఆనకట్టకు 1952లో గండి పడడంతో ప్రకాశం బ్యారేజీ కట్టారు. 1957లో అది పూర్తయింది. నేడు డెల్టాలో పదమూడు లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టుకు నీరందిస్తున్నది ఆ బ్యారేజీయే.

నాటి ఇంజనీర్లు కాలువను సేద్యానికి మాత్రమే తవ్వలేదు. రాకపోకలకు కూడా తవ్వారు. నీటి మట్టం మారే చోట్ల లాకులు కట్టింది పడవలు దాటడానికే. ఏలూరు కాలువ వెంట పోయి గోదావరి కాలువల ద్వారా పడవ కాకినాడ చేరేది. నదికి ఆవలి ఒడ్డున కొమ్మమూరు కాలువ పట్టుకుని బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు చేరేది. గాలి వాలు లేనప్పుడు పడవకు తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. ఆ లాగేవారి కాలిబాటే నేటి కాలువ కట్ట దారికి మూలం. అంటే పుట్టినప్పటి నుండీ ఇది నడిచేవారి దారి. కాయకష్టం చేసుకునేవారి దారి.

రైళ్లు, ఆ తరువాత లారీలు రావడంతో పడవల రోజులు పోయాయి. కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల ఈ కాలువలను, గోదావరి, కృష్ణ నదులలో కొంత భాగాన్ని కలిపి 2008లో కేంద్ర ప్రభుత్వం నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. అయినా డెల్టా కాలువలలో పాత పడవల కళ తిరిగి రాలేదు. పడవ పోయినా దాని బాట మాత్రం మిగిలింది. ఇంగ్లండులో ఇటువంటి పాత కాలువల గట్ల మీద ఒకప్పుడు గుర్రాలు పడవలను లాగేవి. ఇప్పుడు ఆ గట్ల మీదే జనం నడుస్తున్నారు, సైకిళ్లు తొక్కుతున్నారు. అక్కడివారు కొత్తగా దారి వేయలేదు. పాత దారిని పోగొట్టుకోకుండా కాపాడుకున్నారు.

రోడ్డు పెరిగింది, సైకిలుకు చోటు తగ్గింది

1985లో విజయవాడ నగరపాలక సంస్థలో కలిసే వరకు పటమట ఒక గ్రామ పంచాయతీ. ఆ రోజులలో పటమట, కానూరు, పోరంకి, పెనమలూరు నుండి పట్నానికి వచ్చే సైకిళ్లకు బందరు రోడ్డే దారి. సైకిలుకు ఏటా పన్ను కట్టి బిళ్ల కొనడం, రాత్రిపూట దీపం లేకపోయినా, ఇద్దరు ఎక్కినా జరిమానా కట్టడం పెద్దవారికి గుర్తే. పన్ను వసూలు చేశారంటే సైకిలును వాహనంగా లెక్కలోకి తీసుకున్నారన్న మాట. నేడు పన్ను లేదు. లెక్కా లేదు.

బందరు రోడ్డు జాతీయ రహదారిగా నాలుగు వరుసలైంది. బెంజి సర్కిలు మీద ఫ్లైఓవర్లు వచ్చాయి. కార్లకు, బస్సులకు ప్రయాణం తేలికైంది. సైకిలుకు మాత్రం అంచున ఉన్న మట్టి మార్జిను కూడా మిగలలేదు. మధ్యలో డివైడరు కట్టడంతో ఎదుటి పక్క ఉన్న చేలోకి, బడిలోకి పోవాలన్నా మైలు దూరం చుట్టి రావాలి. చుట్టలేనివారు ఎదురు దారిలో పోయి ప్రమాదాల పాలవుతున్నారు. అందువల్ల సైకిలు వారు ఒక్కొక్కరుగా రహదారి వదిలి కట్ట ఎక్కారు. కట్టకు సైకిళ్లు పెరగడంలో అందం పాత్ర తక్కువ, ప్రాణభయం పాత్ర ఎక్కువ.

సైకిళ్ల కాలం చెల్లిందని, ఇప్పుడంతా మోటారు సైకిళ్లేనని వాదించేవారున్నారు. పాలకేన్లు, కూరగాయల మూటలు చాలావరకు మోటారు సైకిలెక్కిన మాట నిజమే. కాని 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉండగా, మోటారు ద్విచక్ర వాహనం 21 శాతానికే ఉంది. ఆ తరువాత మోటారు బళ్లు బాగా పెరిగినా, ఇంట్లో ఉన్న ఒక్క బండి ఇంటి పెద్ద పట్టుకుపోతే మిగిలినవారికి సైకిలే గతి. ఆ మిగిలినవారిలో హైస్కూలు పిల్లలు, కూలికి పోయే మహిళలు, పెట్రోలుకు డబ్బు చాలని వృద్ధులు ఉంటారు. దారి బాగులేకపోతే నష్టపోయేది వీరే.

ఆడపిల్ల చదువుకు సైకిలుకు గల సంబంధం నిరూపితమైనది. బీహారులో 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాన్ని లెక్కగట్టి 2017లో ప్రచురించారు. ఆ పథకం వల్ల హైస్కూలులో చేరిన బాలికలు 32 శాతం పెరిగారని, బాలురకు బాలికలకు మధ్య చేరికలో తేడా 40 శాతం తగ్గిందని వారు తేల్చారు. హైస్కూలు మూడు కిలోమీటర్లకు పైగా దూరం ఉన్న ఊళ్లలోనే ప్రయోజనం ఎక్కువగా కనిపించింది. మన రాష్ట్రంలోనూ 2014-19 మధ్య ‘బడికొస్తా’ పేరున ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచారు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు పల్లె స్త్రీలు వేల సంఖ్యలో సైకిలు నేర్చుకున్నారు. బావి నుండి నీళ్లు తేవడానికి, బజారుకు పోవడానికి మరొకరి కోసం ఎదురుచూడనక్కర లేకపోయింది. సైకిలు ఇవ్వడం ఒక ఎత్తు, అది నడిచే దారి ఇవ్వడం మరొక ఎత్తు. మన వద్ద రెండవ పని జరగలేదు.

కట్టకు భారమైనది ఏది?

కృష్ణ కరకట్టను దారిగా మాత్రమే చూస్తే పొరపాటు. అది ముందు వరద నుండి కాపు, తరువాతే దారి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11.10 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2024 సెప్టెంబరులో ఆ రికార్డు దాటి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. ఆ రాత్రులలో దిగువ లంక గ్రామాలవారు కరకట్టకు గండి పడకుండా కాపలా కాస్తూ నిద్ర లేకుండా గడిపారు. కట్ట ఎంత గట్టిగా ఉంటే ఊళ్లు అంత భద్రం.

ఈ దృష్టితో చూస్తే కట్టకు ఏ బండి మేలో, ఏ బండి కీడో సులువుగా తెలుస్తుంది. సైకిలు, మనిషి, రెండు పాలకేన్లు కలిపి నూటయాభై కిలోలకు మించవు. పది చక్రాల లారీకి 2018 నుండి చట్టం అనుమతించిన మొత్తం బరువు 28.5 టన్నులు. అంటే ఒక్క నిండు లారీ దాదాపు నూటతొంభై సైకిళ్ల పెట్టు. ఆ బరువు పదేపదే పోతే కట్ట అంచులు జారతాయి, తారు చిట్లుతుంది, చిట్లిన చోట వాననీరు దిగి గుంటలు పడతాయి. కృష్ణ, గోదావరి ప్రాంతాల్లో జరిగిన అక్రమ ఇసుక తవ్వకాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వాన్ని 100 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమని ఆదేశించింది. నది గర్భంలో తవ్విన ఇసుక గాలిలో ఎగిరి పోదు. కట్ట దాటే పోతుంది.

ఇక్కడ రైతు అవసరాన్ని విస్మరించరాదు. చెరకు, పసుపు, అరటి, కంద లంక భూముల నుండి బయటకు రావాలంటే ట్రాక్టరు కట్ట ఎక్కక తప్పదు. కోత మిషనూ కట్ట మీదనే రావాలి. ఆర్టీసీ బస్సు రావాలి, అంబులెన్సు రావాలి. అందుచేత కరకట్ట మీద బళ్లన్నీ ఆపమని కోరడం ఎవరికీ శ్రేయస్కరం కాదు. ఆపవలసింది అధిక బరువునూ, అధిక వేగాన్నీ. ఆ రెండూ తగ్గితే ట్రాక్టరుకు, సైకిలుకు మధ్య తగవు ఉండదు.

కాలువ కట్టల పరిస్థితి వేరు. అక్కడ ముఖ్యమైన ముప్పు నీరే. మలుపుల వద్ద పిట్టగోడ గాని, రాళ్లు గాని లేని చోట్లు ఎన్నో ఉన్నాయి. ఎదురుగా కారు దీపాలు కళ్లు చెదరగొడితే సైకిలు కాలువలోకే. రాత్రి పూట వీధిదీపాలు ఊరి పొలిమేరతో ఆగిపోతాయి. దీనికి తోడు పట్నపు చెత్త, కోళ్ల వ్యర్థాలు కట్ట వెంట పోయడం పరిపాటి అయింది. అవి తినమరిగిన కుక్కల మందలు తెల్లవారుజామున సైకిలు వెంట పడుతున్నాయి. చెత్త పడిన నీరే దిగువన పశువులు తాగేది, చేలకు పారేది. పట్నంవాడికి దుర్గంధం ఒక నిమిషం పాటు ముక్కు మూసుకుంటే పోయే బాధ. దిగువ ఊళ్లకు అది రోజూ ఉండే బాధ.

సుందరీకరణలో పొంచి ఉన్న చిక్కు

పట్నంవారు సైకిలు దారి కోరడం వల్ల మేలు లేకపోలేదు. పదిమంది చదువుకున్నవారు రోజూ ఆ దారిన పోతే గుంటల సంగతి అధికారుల చెవిన పడుతుంది. దారిలో కొబ్బరి బోండాలు, చెరకు రసం, జామకాయలు అమ్ముకునేవారికి నాలుగు డబ్బులు వస్తాయి. పంక్చరు వేసే కొట్టుకు పని దొరుకుతుంది. ఇవి చిన్నవైనా కొట్టిపారేయవలసినవి కావు.

అయితే సుందరీకరణ అనే మాట వినబడగానే కట్ట మీద ఉండేవారికి గుండె జారుతుంది. విజయవాడ కాలువ గట్లపై తరాల తరబడి గుడిసెలు వేసుకున్న కుటుంబాలు అనేకం. కాలువ శుభ్రతకు, వారి భద్రతకు కూడా వారికి వేరే చోట ఇళ్లు చూపించడం అవసరమే. గతంలో కొందరికి జక్కంపూడిలో ఇళ్లు ఇచ్చారు. కాని పట్నం నడిబొడ్డున పాచిపని, రిక్షా, కూలి చేసుకునేవారికి ఊరవతల ఇల్లు ఇస్తే పని దూరమవుతుంది. ముందు పనికి దారి, తరువాత ఇల్లు ఖాళీ అన్న వరుస పాటించకపోతే సైకిలు దారి పేరున ఒకరి షికారుకు మరొకరి బతుకు బలి అవుతుంది.

రెండవ చిక్కు కంచెలు, గేట్లు, టిక్కెట్లు. హైదరాబాదులో బాహ్య వలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారిని 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. పైన సౌర విద్యుత్తు పలకల కప్పు వేశారు. ఎండ తగలదు, కరెంటు వస్తుంది. దాని గొప్ప దానిదే. కాని అది ప్రధానంగా వ్యాయామానికి, విహారానికి పనికివచ్చే దారి. గడ్డిమోపు కట్టుకుని పోయే సైకిలును దృష్టిలో పెట్టుకుని గీసిన నమూనా కాదు. అదే నమూనాను తెచ్చి కరకట్ట మీద పెడితే పాలకేను సైకిలు మళ్లీ మట్టిలోకి దిగవలసి వస్తుంది. విజయవాడలోనే 2024 మార్చిలో కృష్ణలంక రక్షణ గోడ వెంట నదీముఖ పార్కు తెరిచారు. నగరవాసులకు అది మంచి వసతి. యనమలకుదురు దిగువన కరకట్టకు మాత్రం అటువంటి శ్రద్ధలో పదో వంతు కూడా దక్కలేదు.

హాలెండు అనుభవం ఇక్కడ గమనార్హం. మన డెల్టా వలెనే ఆ దేశం కట్టల చాటున బతుకుతున్నది. చాలా భూమి సముద్ర మట్టం కంటే కిందనే ఉంటుంది. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాలలో సుమారు 3,300 మంది మరణించారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. పిల్లల హత్యలు ఆపండంటూ తల్లిదండ్రులు వీధికెక్కారు. 1973లో చమురు కొరత కూడా తోడైంది. ఆ తరువాతనే ప్రభుత్వం సైకిలుకు వేరు దారులు పరచడం ఉధృతం చేసింది. నేడు అక్కడి నది కట్టల మీద, కాలువ గట్ల మీద బడిపిల్లలు, ముసలివారు, విహారానికి వచ్చినవారు ఒకే దారిలో తొక్కుతున్నారు. అందమైన సైకిలు దారులకు పేరుపడ్డ ఆ దేశం అందం కోసం ఆ పని మొదలు పెట్టలేదు. పిల్లల ప్రాణాల కోసం మొదలు పెట్టింది. ప్రాణానికి భద్రమైన దారి దానంతటదే అందమైన దారి అయింది.

బాధ్యత ఎవరిది?

కట్ట మీద గుంట పడితే ఎవరిని అడగాలో తెలియకపోవడమే అన్నిటికంటె పెద్ద గుంట. కట్ట జలవనరుల శాఖది. దాని మీద తారు వేసేది కొన్నిచోట్ల రోడ్లు భవనాల శాఖ, మరికొన్ని చోట్ల స్థానిక సంస్థ. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక పటమట ఎన్టీఆర్ జిల్లాలో, యనమలకుదురు కృష్ణా జిల్లాలో ఉన్నాయి. బ్యారేజీ దాటితే ఉండవల్లి గుంటూరు జిల్లాది. పటమట నగరపాలక సంస్థ పరిధి. యనమలకుదురు, కానూరు, తాడిగడప, పోరంకి తాడిగడప మునిసిపాలిటీలో చేరాయి. ఆ దిగువన పంచాయతీలు. ఒక గంట సైకిలు ప్రయాణంలో ఇన్ని హద్దులు దాటాలి. ప్రతి కార్యాలయమూ పక్క కార్యాలయం వైపు చేయి చూపడానికి ఇది చాలు.

చట్టానికి కొరత లేదు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు, కాలినడకవారు, సైకిలు వంటి మోటారు లేని బళ్లకు బహిరంగ స్థలాల్లో, జాతీయ రహదారులపై దారి విషయమై నియమాలు చేసే అధికారాన్ని 138వ సెక్షను కింద రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చారు. 1997 నాటి సేద్యపు నీటి సంఘాల చట్టం కింద కాలువల ఆలనాపాలనలో రైతులకు పాత్ర ఉంది. 2024 డిసెంబరులో ఆ సంఘాలకు ఎన్నికలు కూడా జరిగాయి. అధికారం కాగితం మీద ఉంది. కట్ట మీదకు అది దిగి రావాలి.

తక్కువ ఖర్చుతో అయ్యే పనులు

కోట్లు కుమ్మరించనక్కర లేని పనులు కొన్ని ఉన్నాయి. కాలువ మలుపుల వద్ద నీటి అంచున సున్నం పూసిన రాళ్లు పాతించడం మొదటిది. రాత్రి దీపం పడితే అవి తళుక్కున కనబడతాయి. రెండవది కాలువ కట్టలు ఎక్కే చోట ట్రాక్టరు, అంబులెన్సు పట్టేటంత ఎత్తులో ఇనుప కమాను నిలపడం. పెద్ద టిప్పర్లు లోపలికి రావు. మూడవది కరకట్టపై పొలం వైపు అంచున నాలుగడుగుల మేర గట్టి గ్రావెలు పరచి, గీత గీసి సైకిలుకు, నడకకు విడిచిపెట్టడం. నాలుగవది లాకులు, రేవులు, బస్సు ఆగే చోట్ల దీపాలు, తాగునీటి కుళాయి, సైకిలు నిలుపుకునే చోటు ఏర్పాటు చేయడం. ఐదవది చెత్త బళ్లను కట్ట దగ్గరే పట్టుకుని జరిమానా వేయడం.

చెట్ల విషయంలో మాత్రం తొందర పనికిరాదు. నీడ అందరికీ కావాలి. అయితే వరద కట్ట నెత్తిన, వాలున పెద్ద చెట్లు పెంచితే వేళ్లు కట్టను గుల్ల చేస్తాయి. గాలివానకు చెట్టు కూలితే దానితో పాటు మట్టి పెళ్లగిల్లి గండికి దారి తీస్తుంది. కట్ట అడుగున, పొలం వైపు, ఇంజనీర్లు చూపిన దూరంలో వేప, కానుగ నాటితే నీడా ఉంటుంది, కట్టా నిలుస్తుంది.

సైకిలు తొక్కేవారు కూడా తమ వంతు చేయవలసి ఉంది. ఊళ్లవారు వెనుక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు అంటించుకోవడానికి పెద్ద ఖర్చు కాదు. పట్నం నుండి గుంపులుగా వచ్చేవారు నలుగురైదుగురు వరుస కట్టి దారంతా ఆక్రమించకుండా ఒకరి వెనుక ఒకరు పోతే పనికి పోయేవారికి ఆలస్యం తప్పుతుంది. కట్ట మీద ఆరబోసిన పసుపు, మినుముల పక్కన కాస్త నెమ్మదించడం మర్యాద.

గ్రామసభలో ఈ విషయం మీద ఒక తీర్మానం చేసి నీటి సంఘం ద్వారా జలవనరుల శాఖకు పంపితే కనీసం కాగితం కదులుతుంది. అదే కోరికను పట్నంలోని సైకిలు ప్రియులు నగరపాలక సంస్థకు ఇస్తే బలం రెట్టింపు అవుతుంది. షికారు సైకిలుకు, బతుకుతెరువు సైకిలుకు దారి ఒక్కటే అయినప్పుడు అర్జీ కూడా ఒక్కటే కావడం న్యాయం. పొద్దున్నే పాలకేను తొక్కుకొచ్చే రైతు, సాయంత్రం బడి నుండి ఇంటికి పోయే ఆడపిల్ల నిర్భయంగా పోగల దారి ఏర్పడిన రోజున పట్నంవారికి కావలసిన చూడచక్కని సైకిలు దారి వేరే వెతకనక్కర లేదు. అధికారులు ముందు ఆ ఇద్దరినీ దృష్టిలో పెట్టుకుని ప్రణాళిక వేయవలసి ఉంది.